నీలం కడియాల కోళ్లు

హైదరాబాద్ నుంచి కోదాడ పోయే బస్సులో తార ఒళ్లో పెట్టుకున్న పెద్ద ఫ్లాస్కు మీద కండక్టర్ కన్ను పడింది. దసరా సెలవులు అయిపోయిన రోజులు కావడంతో బస్సు కిక్కిరిసి ఉంది. తార మాత్రం పక్కవాళ్ల మోచేతులు తగలకుండా ఆ ఫ్లాస్కును పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూచుంది.

"ఏం చెల్లె, అంత పదిలంగ పట్టుకున్నవ్? ఏమున్నది దాంట్ల?"

"మందు అన్నా."

"ఎవలకు బాగలేదు?"

"ఎవలకు లేదు. కోళ్లకు."

ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. కండక్టర్ టికెట్ కొట్టి ఇచ్చి, "కోళ్లకు గూడ పట్నం మందులొచ్చినయా!" అంటూ ముందుకు జరిగాడు.

టేకుమట్ల దాటాక టైరు పంక్చరైంది. అది విప్పి ఇంకోటి బిగించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తార మూత తీసి చూస్తే ఐసు చాలావరకు నీళ్లయింది. ఆ నీళ్లలో ఊగుతున్న చిన్న సీసాల కోసం ఆమె వర్షాకాలమంతా లాబొరేటరీలో కూచుంది. అవి వేడెక్కితే అన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. అందుకే బస్సు సూర్యాపేట బస్టాండులో ఆగీ ఆగకముందే ఆమె దూకినంత పని చేసి చెరకురసం బండి దగ్గరికి పరుగెత్తింది. బండాయన గోనెసంచిలో ఐసుగడ్డ పెట్టి కర్రతో కొడుతున్నాడు.

"అన్నా, రసం వద్దు. ఐసు గావాలె. జర జల్దీ!"

ఆయన ఆమె మొహం చూసి ఇంకేమీ అడక్కుండా రెండు దోసిళ్ల ముక్కలు ఫ్లాస్కులో పోశాడు. తిరిగి వచ్చేసరికి బస్సు కదులుతోంది. కండక్టర్ తలుపు బాది, "ఆపు, ఆపు! కోళ్ల డాక్టరమ్మ రావాలె!" అని అరిచాడు. బస్సంతా నవ్వింది. తార కూడా రొప్పుతూనే నవ్వింది.

నిజానికి ఆమె డాక్టరే. నిడమనూరు దగ్గరి ఒక తండాలో రెడ్యా, పుష్పాబాయిల పెద్దకూతురు. మిర్యాలగూడ హాస్టల్లో ఉండి చదువుకుంది. పశువుల డాక్టరు చదువు పూర్తిచేసి, 1993లో రాజేంద్రనగర్‌లో పై చదువు చదువుతోంది. ఆమె గైడు ప్రొఫెసర్ రాజారత్నం. బాగుందనడానికి ఆయనకు రెండు మాటలు కూడా ఎక్కువే, తప్పని చెప్పడానికి మాత్రం గంట సరిపోదు.

ఆమె చదివేది బి-కణాల గురించి. రోగం రాకుండా కాపాడే యాంటీబాడీలను తయారుచేసేవి అవే. కోడికి తోక కింద, లోపలివైపు, రేగుపండంత చిన్న సంచి ఒకటి ఉంటుంది. దాని పేరు బర్సా. బి-కణాలు మొదట బయటపడింది అందులోనే, వాటికా పేరు వచ్చింది కూడా దానివల్లనే. తార ఆ సంచి నుంచి కణాలు తీసి గాజుపాత్రలో పెట్టి, కావలసిన పోషకాలన్నీ అందించేది. అయినా మర్నాటికల్లా ముప్పాతికవంతు చచ్చిపోయేవి. చచ్చిన కణం ఒక రంగు పీల్చుకుని సూక్ష్మదర్శిని కింద నీలంగా కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే కంటికి ఆ నీలమే ఎదురయ్యేది.

వాటికి కరువైంది తిండి కాదు. ఒంట్లో ఉన్నప్పుడు పక్కనుండే టి-కణాలు చిన్న చిన్న పదార్థాలను వదులుతుంటాయి. వాటిని ఇంటర్‌ల్యూకిన్లంటారు. ఒక కణం ఇంకో కణానికి పంపే కబుర్లు అవి. బతికుండమని, పెరగమని, యాంటీబాడీ చెయ్యమని ఆ పదార్థాలే చెబుతాయి. ఏ కబురూ అందని బి-కణం తనంతట తానే ముడుచుకుపోయి చస్తుంది. తార కోడి ప్లీహం నుంచి, అంటే మాంసం కొట్లో తిల్లి అని అడిగే ముక్క నుంచి, టి-కణాలు తీసి వాటిని రెచ్చగొట్టింది. అవి వదిలినవన్నీ కలిసిన ద్రవాన్ని వడగట్టి, బర్సా కణాలకు పోసింది. మర్నాడు చూస్తే నీలం సగానికి తగ్గింది. ఆ రోజు ఆమె హాస్టల్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

రాజారత్నం సారు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటూ, "గాజుపాత్రలో సరే. కోడిలో?" అన్నారు.

కోడిలో చూడాలంటే కోళ్లు కావాలి. కాలేజీ ఫారం కోళ్లకేమో అప్పటికే రకరకాల టీకాలు పడ్డాయి. అవి పనికిరావు. ఏం చెయ్యాలో తోచక దసరాకు ఇంటికి పోతుండగా మిర్యాలగూడ బస్టాండులో ఆమెకు సత్యానందం సారు కనిపించారు. హైస్కూల్లో ఆమెకు సైన్సు చెప్పిన మాస్టారు. కాళ్ల దగ్గర రెండు నూకల బస్తాలున్నాయి.

"సార్, నమస్తే. నేను తారను."

"ఏ తార? కప్పను కోసేటప్పుడు కండ్లు మూసుకునే తారవా?"

"ఇప్పుడు మూసుకుంటలేను సార్," అని ఆమె సిగ్గుపడింది.

ఆయన రిటైరై భార్య సరోజ పుట్టిన ఊరు కోదాడలో ఇల్లు కట్టుకున్నారట. ఊరి చివర చిన్న షెడ్డు వేసి కోళ్లు పెంచుతున్నారట. ఇక్కడి రైసుమిల్లుల్లో నూకలు మంచివి దొరుకుతాయని మేత కోసం వచ్చారు. తార తన కష్టం చెప్పగానే ఆయన బస్తా మీద చెయ్యివేసి నిలబడిపోయారు. పాత క్లాసురూములో నిలబడ్డట్టే ఉంది ఆ తీరు.

"మా షెడ్డుల జెయ్. కొత్త పిల్లలు దిగుతున్నయ్. నా స్టూడెంటు ప్రయోగం నా కోళ్ల మీద జేస్తే నాకంటె సంబురపడేది ఎవరు?"

అట్లా ఆమె ఆ ఐసు ఫ్లాస్కుతో కోదాడ చేరింది.

షెడ్డులో మధ్యన జాలీ కట్టి కోళ్లను రెండు వాటాలు చేశారు. గుడ్లకు రాని పెట్టలు, తెల్లగా, ఒకే ఈడువి. ఒకవైపు వాటి కాళ్లకు ఎర్ర ప్లాస్టిక్ కడియాలు, రెండోవైపు నీలం కడియాలు వేసింది తార. అన్నిటికీ, కోళ్లను గంపలకొద్దీ చంపే కొక్కెర తెగులు రాకుండా టీకా వేసింది. నీలం కడియాల కోళ్లకు మాత్రం, టీకాతో పాటు తను తెచ్చిన టి-కణాల ద్రవం ఇంకో సూదితో ఎక్కించింది.

సత్యానందం గారి తల్లి సత్తెమ్మ గుమ్మం దగ్గర గోనెపట్టా మీద కూచుని ఇదంతా చూస్తోంది. ఆమెది ఆత్మకూరు వైపు పల్లె. నోటిలో పళ్లు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

"బిడ్డా, గా నీలం కడెం పెట్టలకు రెండు సూదులెందుకు? ఏం పాపం జేసినయవి?"

"పాపం గాదవ్వా, వాటికి ఇంకింత బలం ఇస్తున్న. లోపట బి-కణాలని ఉంటయ్. వాటికి పక్క కణాలకెల్లి కబురు రావాలె. రాకపోతే సచ్చిపోతయ్. ఈ సూదిల ఉన్నయి ఆ కబుర్లే."

"నోరు లేని వాటికి కబుర్లేంది?"

"నోటితోని గాదు. ఒకటి చిన్న పదార్థం ఇడుస్తది. ఇంకోటి దాన్ని అందుకుంటది. అందుకుంటే, అగో నన్ను అడిగినోళ్లున్నరు అని బతుకుతది."

సత్తెమ్మ కొడుకు వైపు చూసింది. "మా ముసలోడు పోయినంక నన్ను మా కొడుకు గిట్లనే అడుగుకుంట బతికిచ్చిండు," అంది. సత్యానందం గారు వినబడనట్టే నూకలు చల్లుతూ పోయారు.

ఆ తరువాత తార వారం విడిచి వారం వచ్చేది. రెక్క కింది నరం నుంచి కొంచెం రక్తం తీసి, ఫ్లాస్కులో పెట్టుకుని తిరుగు బస్సెక్కేది. సరోజమ్మ ఆమెను అన్నం తిననిదే పంపేది కాదు. ఒక ఆదివారం మాత్రం తార గుమ్మంలో అడుగు పెట్టగానే సరోజమ్మ మొహం అదోలా పెట్టి, "రా అమ్మాయ్, ముందు భోంచెయ్యి. పని తర్వాత చూసుకుందువుగాని," అంది.

"లేదమ్మా, రక్తం తీసి వస్త."

షెడ్డులోకి పోయి లెక్క చూసుకుంటే నీలం వైపు ఒకటి తక్కువైంది. మళ్లీ చూసింది. తక్కువే. బయటికి వచ్చేసరికి వంటింటి గట్టు మీద కడిగి ఆరబెట్టిన నీలం కడియం కనిపించింది.

సరోజమ్మ చేతులు పట్టుకుంది. "మా తమ్ముడు జగ్గయ్యపేట నుంచి చెప్పాపెట్టకుండా దిగాడమ్మా. నేను చర్చిలో ఉన్నాను. వచ్చేసరికి అత్తయ్యగారు కూర కూడా పొయ్యెక్కించేశారు."

"చేతికి ముందుగాల అదే దొరికింది," అంది సత్తెమ్మ నిబ్బరంగా. "మంచి సత్తువ మీదున్నది."

సత్యానందం గారు లోపలి గది నుంచి తొంగిచూశారు. "తారా, యాంటీబాడీలన్నీ మా బామ్మర్ది కడుపుల ఉన్నయ్. పండుకోని గురక కొడుతున్నడు. ఆయన నెత్తురే తీస్కపో."

తార కోపం తెచ్చుకుందామనుకుంది గానీ రాలేదు. ఒక కోడి పోయినంత మాత్రాన ప్రయోగం చెడదు. ఆమె కూచుని అన్నం తింది. కూర మాత్రం వేసుకోలేదు. తను పేరు పెట్టకపోయినా ఆ కోడి తనకు తెలుసు మరి.

చలికాలం మొదలయ్యేసరికి రక్తాలన్నీ చేరాయి. పరీక్ష చేసే పద్ధతి తేలికైనదే. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో కోడి రక్తరసాన్ని ఒక్కో గుంటలో పలచన చేస్తూ పోయి, కొక్కెర తెగులు వైరస్‌నూ ఎర్రకణాలనూ కలుపుతారు. యాంటీబాడీలు ఉన్నంతవరకు ఎర్రకణాలు గుంట అడుగున బొత్తాంలా గుండ్రంగా కూచుంటాయి. అవి అయిపోయిన చోట బొత్తాం చెదిరి పలుచటి పొరలా పరుచుకుంటుంది. బొత్తాలు ఎంత దూరం పోతే అంత బలం.

ఎర్ర కడియాల వరసల్లో బొత్తాలు సగందాకా వచ్చి ఆగిపోయాయి. నీలం కడియాల వరసల్లో పలక చివరిదాకా పోయాయి. తార పలకను వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది. రాజారత్నం సారు కూడా వచ్చి చూశారు.

"బాగుంది," అన్నారు. "విశాఖలో సదస్సు ఉంది. నువ్వే చదువు," అన్నారు.

తార ఎప్పుడూ సముద్రం చూడలేదు. ఆ వారమంతా నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనలేదు. శనివారం కోవా కొనుక్కుని కోదాడ బస్సెక్కింది.

మాస్టారి ఇంటి ముందు అందరికీ కోవా పంచి, చేతులు తిప్పుతూ అంతా చెప్పింది. "సార్, నీలం వాటికి మస్తుగ వచ్చినయ్! మా సార్ నోటెంబడి బాగుంది అని వచ్చింది!"

సత్తెమ్మ కోవా చప్పరిస్తూ తల ఊపింది. "రాక ఏం జేస్తయ్ బిడ్డా? ఊకెనే వచ్చినయా? రోజూ పొద్దుగాల మునగాకు, తోటకూర కోసి ఏసిన. మజ్జిగల నూకలు నానబెట్టి పెట్టిన."

"మంచిగైంది అవ్వా. అన్నిటికీ పెట్టినవా?"

"అన్నిటికెందుకు? ఎర్రవాటికి ఒకటే సూది. నీలం వాటికి రెండు సూదులాయె. పానం గాబర కాదా? వాటికే పెట్టిన."

తార కోవా పొట్లం కింద పెట్టేసింది. ఆమె వెళ్లి నూకల బస్తా మీద కూచుంది. ఆకుకూరలు తిన్న కోడికి టీకా బాగా పడుతుందని పశువుల డాక్టరు చదువు మొదటేడులోనే చెబుతారు. పలక చివరిదాకా పోయిన ఆ బొత్తాలు టి-కణాల కబుర్ల వల్ల వచ్చినవా, మునగాకు వల్ల వచ్చినవా? ఇక ఎవ్వరూ చెప్పలేరు.

సత్యానందం గారికి వెంటనే అర్థమైంది. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషి. "అమ్మా! నిన్ను ఎవలు పెట్టమన్నరే? పిల్ల పానం పెట్టి చేసుకున్న పని..." అని గొంతు పెంచారు.

సత్తెమ్మ మొహం చిన్నబోయింది. "నేను చెడగొట్టిన్నా బిడ్డా?"

"లేదవ్వా," అంది తార గబుక్కున లేచి. "నువ్వు పెట్టొద్దని నేను చెప్పనేలేదు గదా. నువ్వు మంచే జేసినవ్. సార్, అవ్వను ఏమనకుర్రి."

ఆ సాయంత్రం ఆమె హైదరాబాద్ పోలేదు. మిర్యాలగూడ మీదుగా ఇంటికి పోయింది. బస్సులో తలను కిటికీకి ఆనించి కూచుంది. మునగాకు సంగతి రాజారత్నం సారుకు తెలియదు. విశాఖలో వినేవాళ్లకు అసలే తెలియదు. చెప్పకపోతే ఎవరూ అడగరు కూడా. ఆ ఆలోచన హుజూర్‌నగర్ దాకా ఆమెతో పాటే వచ్చింది. కానీ బి-కణాలు ఎందుకు బతుకుతాయో తెలుసుకోవాలనే కదా తను ఇన్నాళ్లు కష్టపడింది! ఇప్పుడు తనకే తెలియని దాన్ని తెలుసునని పదిమందిలో చెబితే ఆ కష్టమంతా దేనికి? మిర్యాలగూడలో దిగేసరికి సంగతి తేలిపోయింది. ఇంట్లో తల్లి పెట్టిన రొట్టెలు ఆకలిగా తింది.

సోమవారం ఆమె చెప్పినదంతా రాజారత్నం సారు కదలకుండా విన్నారు. గంటసేపు తిట్లు పడతాయని తార సిద్ధమై వచ్చింది. ఆయన తిట్టలేదు.

"తప్పు ఆ పెద్దావిడది కాదు, మునగాకుదీ కాదు. రెండో సూదిది," అన్నారు. "ఎర్ర కోళ్లకు కూడా రెండో సూది వెయ్యాల్సింది. కబుర్లు లేని ఉత్త ద్రవం. అప్పుడు ఆమెకు ఒకవైపు మీదే జాలి పుట్టేది కాదు. నేనూ గమనించలేదు. మళ్లీ చేద్దాం."

"విశాఖ, సార్?"

"సముద్రం ఎక్కడికీ పోదు."

సంక్రాంతి వెళ్లాక కొత్త పిల్లలు దిగాయి. ఈసారి కడియాలు పసుపు, తెలుపు. ఏ కోడి ఏవైపు పోవాలో చీటీలు తీసి నిర్ణయించారు. సీసాలు రెండు రకాలు. ఒకదానిలో టి-కణాల ద్రవం, రెండోదానిలో టి-కణాలు తాకని ఉత్త ద్రవం. రెండూ ఒకేలా గులాబీరంగులో ఉన్నాయి. సీసాల మీద ఒకటి, రెండు అని మాత్రమే ఉంది. ఏది ఏమిటో రాజారత్నం సారుకు తప్ప ఎవరికీ తెలియదు.

సత్తెమ్మ గుమ్మంలో కూచుని అంతా కనిపెట్టింది. "వీటిల అసలు మందేది బిడ్డా?"

"నాకూ తెల్వదవ్వా."

"ఇంత చదువు చదివి, ఏం మందు ఏస్తున్నవో నీకే తెల్వదా?"

"తెలిస్తే నేను గూడ నీ లెక్కనే ఒక దిక్కు ముద్దుజేస్తనేమో!"

సత్తెమ్మ పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. తరువాత నవ్వాపి అసలు సంగతి అడిగింది. "మరి ఆకుకూర ఎయ్యాల్నా, వద్దా?"

"ఎయ్యి. కని రెండు దిక్కుల ఒకతీరుగ ఎయ్యాలె. ఈ చెంబుతోని కొలిచి."

ఆ మాట చెప్పడమే ఆలస్యం, ఆ షెడ్డుకు సత్తెమ్మ తాసీల్దారయింది. పొద్దున్నే ఇత్తడి చెంబుతో ఇటొకటి, అటొకటి కొలిచి పోసేది. ఆకు తరిగితే రెండు కుప్పలు చేసి, చేత్తో ఎత్తి బరువు సరిచూసేది. సరోజమ్మ ఒకసారి వంటింట్లో మిగిలిన ఆకు తెచ్చి పసుపు కడియాల వైపు విసిరింది.

"ఆగు కోడలా! అటేస్తే ఇటు గూడ ఎయ్యాలె."

"అయ్యో అత్తయ్యా, నాలుగు ఆకులేగా?"

"నాలుగు ఆకులతోనే పిల్ల విశాఖ పోకుండ ఆగిపోయింది!"

సరోజమ్మ లోపలికి పోయి ఇంకో నాలుగు ఆకులు తెచ్చి తెల్ల కడియాల వైపు వేసేదాకా ఆమె అక్కణ్ణుంచి కదలలేదు. ఎండలు ముదిరాక షెడ్డుకు తడిగోనెలు కట్టినప్పుడు కూడా ఆమె రెండువైపులా తిరిగి నీళ్లు ఒకేలా చల్లారా లేదా అని చూసింది.

ఫాల్గుణం చివర్లో చుట్టుపక్కల కొక్కెర తెగులు దిగింది. టీకాలు వేయని పెరటికోళ్లు మెడలు వంకరపోయి పడిపోతున్నాయని కబురొచ్చింది. తార దిగులుపడింది. టీకా పడిన కోళ్లు చావవు గానీ, వైరస్ బయటినుంచి షెడ్డులోకి వస్తే యాంటీబాడీలు దానివల్లే పెరుగుతాయి. మళ్లీ లెక్కంతా తారుమారవుతుంది. ఆ మాట చెవిన పడగానే సత్తెమ్మ గేటు దగ్గర సున్నం నీళ్ల బేసిన్ పెట్టింది. పక్కింటివాళ్లను రానివ్వలేదు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన సరోజమ్మ తమ్ముణ్ణి వీధి అరుగు మీదే కూచోబెట్టి అన్నం పెట్టించింది. ప్రార్థనకు వచ్చిన పాస్టరు గారు కూడా చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, కాళ్లు సున్నంలో ముంచాక గాని గేటు దాటలేకపోయారు.

"దేవుని మనిషినమ్మా నేను," అన్నారాయన నవ్వుతూ.

"మీరు దేవుని మనుషులే అయ్యగారూ. కాళ్లకంటిన దుమ్ము ఎవలదో ఎట్ల తెలుస్తది?"

తెగులు గేటు దాటి రాలేదు.

తార చివరి రక్తాలు తీసుకుపోయి పరీక్షలు చేసింది. ఈసారి తను చూస్తున్నది ఏ సీసా కోడినో తెలియకుండానే బొత్తాలు చదివింది. అంకెలన్నీ రాజారత్నం సారు చేతికిచ్చింది. ఆయన వేరే ఊరికి పరీక్షల పని మీద పోతూ, "వచ్చి లెక్క కడతాను. సోమవారం పదింటికి ఫోన్ చెయ్యి," అన్నారు. ఒక్కతీ కూచుని ఎదురుచూడటం తన వల్ల కాదని తార ఆదివారమే కోదాడ వచ్చేసింది.

సోమవారం పొద్దున బస్టాండు పక్కన ఉన్న ఎస్టీడీ బూత్‌కు నలుగురూ కలిసి పోయారు. ఒక్క మనిషి పట్టే ఆ అద్దాల గదిలో తార, ఆమె వెనక సత్యానందం గారు దూరారు. సత్తెమ్మ సందు చేసుకుని ఇద్దరి మధ్యకు వచ్చింది. సరోజమ్మ తలుపు తెరిచి పట్టుకుని బయట నిలబడింది.

"తలుపు మూసుకోవాలమ్మా, ఫ్యాన్ గాలి పోతది," అన్నాడు బూత్ ఆయన.

"ఉండు బాబూ, మా కోళ్ల రిజల్టు వస్తోంది," అంది సరోజమ్మ.

తార నంబరు నొక్కింది. అటునుంచి రాజారత్నం సారు గొంతు దూరంగా వినిపించింది. "రెండో సీసాలో ఉన్నది టి-కణాల ద్రవం."

రెండో సీసా తెల్ల కడియాలకు పడింది. "సార్, మరి తేడా?"

"మొదట్లో రెండు గుంపులకూ యాంటీబాడీలు దాదాపు సమానంగానే ఉన్నాయి. పోయినసారంత పెద్ద తేడా లేదు." తార కళ్లు మూసుకుంది. "కానీ వారాలు గడిచాక చూడు. ఉత్త ద్రవం పడిన వాటిలో తగ్గిపోతూ వచ్చాయి. టి-కణాల ద్రవం పడిన వాటిలో నిలబడ్డాయి. మూడుసార్లు లెక్క కట్టాను. తేడా నిజమే."

సత్యానందం గారు వెనకనుంచి, "ఏమన్నరే? చెప్పు!" అని భుజం తడుతున్నారు.

"నిలబడ్డయ్ సార్! చిన్నదే కని నిజమైన తేడా అంట!"

అద్దాల గదిలో అరుపు గట్టిగా మోగింది. బూత్ ఆయన కూడా లేచి నిలబడ్డాడు. ఆ సందట్లో సత్తెమ్మ రిసీవర్ అందుకుంది. ఫోన్ పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. తలకిందులుగా పట్టుకుంటే సత్యానందం గారు సరిచేశారు.

"సారూ, నేను సత్తెమ్మను. మరి నా మునగాకు సంగతేంది?"

అవతల రాజారత్నం సారు నవ్వడం తార చెవిన కూడా పడింది. ఆయన నవ్వగా ఆమె ఇదివరకు వినలేదు. "ఈసారి రెండు గుంపులూ మొదటిసారి ఎర్ర కోళ్లకన్నా బాగున్నాయమ్మా. కానీ అది మునగాకు వల్లనేనని ఇప్పుడే అనలేం. దానికి వేరే ప్రయోగం కావాలి."

"అయితె చేపియ్యుర్రి! షెడ్డున్నది, చెంబున్నది. నేనున్న."

మధ్యాహ్నం మాస్టారింట్లో మళ్లీ కోడికూర వండారు. ఈసారి బజారు నుంచి తెచ్చిన కోడి. తార రెండుసార్లు వేయించుకుంది. తిన్నాక మిర్యాలగూడ బస్సెక్కింది.

తండా చేరేసరికి సాయంకాలపు ఎండ ఇంకా ఉంది. రెడ్యా మంచం వాల్చుకుని కూచున్నాడు. తల్లి పొయ్యి ముందు ఉంది. తార "బా" అని తండ్రిని పిలిచి, పక్కన కూచుని లంబాడీలో చెప్పడం మొదలుపెట్టింది. బి-కణానికి ఆ భాషలో మాట లేదు. ఇంటర్‌ల్యూకిన్‌కు అసలే లేదు. బస్సులో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అందుకని, కోడి నెత్తురులో కంటికి కనబడని కాపలావాళ్లు ఉంటారని, వెంట ఉన్నవాళ్లు పలకరిస్తుంటేనే వాళ్లు బతికి కాపలా కాస్తారని, ఆ పలకరింపును సీసాలోకి తీసి కోడికిచ్చానని చెప్పింది. చెబుతుంటే లాబొరేటరీలో ఎన్నిసార్లు చెప్పినా రాని తేటదనం వచ్చినట్టు ఆమెకే అనిపించింది.

రెడ్యా అంతా విని తలూపాడు. "ఈ పలకరింపు మనుషులకు కూడా ఇట్లనే ఉంటదా?" అని అడిగాడు.

"ఉంటది బా. మనుషులలో ఇంకా ఎక్కువ రకాలున్నయంట. వెతుకుతనే ఉన్నరు."

"అయితే నువ్వు గూడ వెతుకు," అన్నాడాయన.

తెల్లవారాక తార పళ్లు తోముకుంటూ బయటికి వస్తే ఇంటి ముందు తండా ఆడవాళ్లు బారులు తీరి కూచున్నారు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక కోడి. కొన్ని బుట్టల్లో మూడేసి. రెడ్యా కూతురు కోళ్లను బతికించే డాక్టరని రాత్రికి రాత్రే ఎవరు చెప్పారో ఊరంతా పాకింది. పుష్పాబాయి పొయ్యి దగ్గర నుంచి ఏమీ ఎరగనట్టు చూస్తోంది.

తార మొహం కడుక్కుని, పైట బొడ్లో దోపి, మొదటి కోడిని చేతిలోకి తీసుకుని దాని రెక్క ఎత్తింది.